కదిలే ఇంటికి గాలిడొప్ప

రేకులమ్మ పెదాల మధ్య రివిట్లు ఉన్నంతసేపే మా వీధికి ప్రశాంతత. పని మొదలెట్టేముందు గుప్పెడు రివిట్లు నోట్లో పోసుకుంటుంది. ఒక్కొక్కదాన్నే నాలుకతో ముందుకు తోసి, వేళ్ళతో అందుకుని, రేకులో గుచ్చి సుత్తితో ఒక్కటేస్తుంది. చివరి రివిట్టు బయటికొచ్చిందంటే దాని వెనకే మాటలొస్తాయి, అంతసేపూ ఆగినవన్నీ వడ్డీతో సహా. చిన్నప్పటినుంచీ ఆ మోత మధ్యే పెరగడంతో ఆమెకి ఒక చెవి మందగించింది. అందుకని ఎదురుగా కూర్చున్నవాడితో కూడా మేడ మీదివాడితో మాట్లాడినట్టే మాట్లాడుతుంది. ఆ చప్పుడుకి మా వీధి కాకులు అరవడం మానేసి తలలూపుకుంటూ సైగలతో కబుర్లు చెప్పుకుంటాయని నేనంటే మా ఆవిడ ఒప్పుకోదు.

నేను చదివిన కాన్వెంటులో ఒక సిస్టర్ ఉండేది. "నువ్వు అబద్ధం లేకుండా ఒక్క పేజీ రాసి చూపించు, స్వర్గానికి టిక్కెట్టు నేనే కొనిపెడతాను" అనేది. ఆ టిక్కెట్టు ఇంకా బాకీ ఉంది. వాన గురించీ కాకుల గురించీ చెయ్యి కాస్త జారినా, ఇందులో రేకులమ్మ గురించి రాసినదంతా నిజం. ఆమె చేసిన మేలుకి నేనివ్వగలిగింది ఆ మాత్రమే.

ఆమె నాన్నకి రేకు రెండో కొస పట్టుకునే మనిషి లేక కూతుర్ని కూర్చోబెట్టాడు. కొస పట్టుకోవడం నుంచి మడత పెట్టడం, మడత నుంచి అతుకు పెట్టడం వచ్చాయి. నాన్న చేతులు వణకడం మొదలయ్యాక కొట్టు ఆమెదైంది. గరాటాలు, మొక్కలకి నీళ్ళు పోసే డబ్బాలు, బేకరీ ట్రేలు, అన్నిటికంటే ఎక్కువగా పొగగొట్టాల మీద పెట్టే డొప్పలు చేస్తుంది. డొప్పంటే గొట్టానికి టోపీ లాంటిది. మూడు వైపులా మూసుకుని ఒక వైపే తెరుచుకుని ఉంటుంది. పొగ బయటికి పోవాలి, వాన లోపలికి రాకూడదు.

పెళ్ళి సంగతి ఎవరైనా ఎత్తితే ఆమె జవాబు ఎప్పుడూ ఒకటే. "నాతో మాట్లాడాలంటే గొంతుండాలి, నాతో కాపరం చెయ్యాలంటే చెవులుండకూడదు. అలాంటివాడు దొరికితే తీసుకురా బాబాయ్."

ఊరు దాటి ఎక్కడికీ వెళ్ళి ఎరగదు. అడిగితే బేకరీ పొగగొట్టం వైపు గడ్డం చూపిస్తుంది. "అది ఊడిందంటే ఊరికి రొట్టె లేదు. ఎలా పోను?"

మా ఊరికి గాలి పడమటినుంచి వస్తుంది. కాబట్టి ఆమె పెట్టిన డొప్పలన్నీ పడమటికి వీపు తిప్పుకుని, తూర్పుకి నోరు తెరుచుకుని ఉంటాయి. దారి తప్పినవాడు తలెత్తి కప్పులు చూస్తే చాలు, దిక్కు తెలిసిపోతుంది.

ఇక మా బండి సంగతి.

నేను ఉద్యోగమంతా బేకరీ వ్యాను నడిపాను. రిటైరైనప్పుడు బేకరీ ఓనరు ఆ పాత వ్యానునే నాకిచ్చేశాడు. నేను దాని కడుపులో పరుపు వేసి, వంటగట్టు కట్టి, చిన్న స్టవ్వూ నీళ్ళ డబ్బా బిగించి ఇల్లుబండి చేశాను. పడుకుంటే ఇప్పటికీ బన్నుల వాసనొస్తుంది. దారిలో కుక్కలు మా వెంట ఎంత పరిగెత్తాయంటే, కొన్ని మాకంటే ముందే పక్క ఊరు చేరి మాకోసం ఎదురుచూశాయి. దాని కప్పులో పలకంత చదరపు కిటికీ ఒకటుంది. వేడి రొట్టెల ఆవిరి పోవడానికి పెట్టింది. లోపలినుంచి పిడి తిప్పితే మూత పైకి లేస్తుంది.

ఆ కిటికీయే మా ఆవిడకి ప్రాణం. ఆమెది ఉబ్బసం. మూసిన గదిలో పడుకోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. అద్దాలు బిగించిన బస్సు ఎక్కితే రెండో స్టాపులోనే దిగిపోతుంది. లాడ్జి గదుల పేరెత్తితేనే దగ్గొస్తుంది. అందుకే కొండల అవతల సముద్రపు ఒడ్డున ఉండే వాళ్ళక్కని చూడక ఏళ్ళయిపోయింది.

ఆ అక్కకి కొంతకాలంగా చూపు తగ్గుతోంది. మందులు వాడుతున్నా, పక్కలనుంచి కొంచెం కొంచెంగా చీకటి కమ్ముకొస్తోందట. ఒకరోజు ఫోన్లో అంది.

"ఒసే చెల్లీ, మధ్యలో ఇంకా కాస్త వెలుతురుంది. అది కూడా పోకముందే నీ మొహం ఒకసారి చూపించి పోవే."

మా ఆవిడ ఫోను పెట్టేసి నాకేసి చూసింది. "ఏమండీ, మీ రొట్టెల డబ్బా కొండ ఎక్కుతుందా?"

"కొండేం ఖర్మ, మబ్బులు కూడా ఎక్కుతుంది" అన్నాను.

మబ్బుల మాట అనకుండా ఉండాల్సింది. బయల్దేరిన మధ్యాహ్నమే అందుకుంది వాన. అలాంటి వాన నేను చూళ్ళేదు. చేపలు అద్దాల దాకా వచ్చి మమ్మల్ని దారి అడిగాయి. రోడ్డు పక్కన ఆపి, కప్పులో కిటికీ మూసి, టీ పెట్టాను. కాసేపట్లో గోడలకి చెమటలు పట్టాయి. కప్పునుంచి చుక్కలు పరుపు మీద పడసాగాయి. మా ఆవిడకి పిల్లికూతలు మొదలయ్యాయి. కిటికీ తీస్తే వాన, మూస్తే ఉక్క. చివరికి ఆమెని వెనక తలుపు దగ్గర కూర్చోబెట్టి గొడుగు పట్టాను. పైన నేను పట్టింది గొడుగే గానీ, కిందనుంచి తడిసిపోయింది. మర్నాడు బండి వెనక్కి తిప్పాను.

కొత్త బండ్లకైతే కప్పు కిటికీ మీద పెట్టే ప్లాస్టిక్ డొప్పలు షాపుల్లో దొరుకుతాయి. అది పెట్టుకుంటే వానలో కూడా మూత తెరిచి ఉంచుకోవచ్చు. కానీ మా రొట్టెల బండి కొలత ఎవరి దగ్గరా లేదు. ఓ షాపువాడు నా కొలతలు చూసి, "ఇది బండి కిటికీయా, బావి మూతా?" అన్నాడు. అప్పుడు బేకరీ ఓనరు చెప్పాడు, రేకులమ్మనడగమని.

వీధి చివరే ఉన్న మనిషి నాకు తట్టనేలేదు.

రేకులమ్మ వచ్చి బండి చుట్టూ తిరిగింది. తర్వాత లోపలికెళ్ళి, అన్నీ మూసెయ్యమంది.

"ఎందుకమ్మాయ్, ఉడికిపోతావు."

"బేకరీలో పొయ్యి గది చూసేటప్పుడు నేను రొట్టెనై కూర్చుంటా బాబాయ్. ఇక్కడ పిన్నినై కూర్చోవాలి. తలుపెయ్."

వేశాను. ఎండలో నిలబడ్డ బండి. చాలాసేపటికి లోపల్నించి దబదబా బాదింది. తలుపు తీస్తే నీళ్ళలోంచి తీసిన గుడ్డలా బయటికొచ్చి, మా ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"పిన్నీ, దీంట్లో ఎలా ఉన్నావమ్మా తల్లీ? ఈ పెద్దమనిషి నిన్ను కాల్చి అమ్ముదామనుకున్నాడా?"

"అడుగమ్మా, గట్టిగా అడుగు. నేనడిగితే కథలు చెప్తాడు" అంది మా ఆవిడ. ఆరోజునుంచి ఆడవాళ్ళిద్దరూ ఒక పార్టీ.

రెండు రోజులు కొట్టులో సుత్తి మోగింది. డొప్ప తయారైంది. మూడు వైపులా రేకు, నాలుగో వైపు కిందకి వాలిన పలకలు, వాటి వెనక దోమలు రాకుండా సన్నటి జల్లెడ. లోపల మూత పూర్తిగా లేచేంత ఎత్తు. కప్పుకి కొత్తగా ఒక్క చిల్లు కూడా పెట్టనంది. కిటికీ అంచుకే నాలుగు మూలలా బోల్టులు బిగించి, కింద రబ్బరు పట్టీ వేసింది.

బిగించేముందు బండి మీద నిలబడి అరిచింది. "బాబాయ్! ఇక్కడ గాలి ఎటునుంచి?"

"ఊరంతటికీ ఎటునుంచో అటునుంచే" అన్నాను.

బిగించాక మా ఆవిడని లోపల పడుకోబెట్టి, నిచ్చెనెక్కి బకెట్లకొద్దీ నీళ్ళు కుమ్మరించింది. లోపల్నించి మా ఆవిడ గొంతు వినిపించింది. "చుక్క రాలేదే! గాలొస్తోంది!" ఆ గొంతులో అంత సంతోషం విని ఎన్నాళ్ళయిందో. వెంటనే వాళ్ళక్కకి ఫోను చేసి వస్తున్నామని చెప్పింది. సామాను మళ్ళీ ఎక్కించాం.

ఈసారి ఊరు దాటి కాస్త దూరం పోయామో లేదో, చినుకులు మొదలయ్యాయి. నాకేం భయం? వేగం పెంచాను. వెనకనుంచి మొదట ఓ ఈల వినిపించింది, తర్వాత మా ఆవిడ కేక. ఆపి చూస్తే పరుపు చెరువైంది. డొప్ప నోటినుంచి నీళ్ళు గొట్టంలోంచి వదిలినట్టు సూటిగా ఆమె మొహం మీదికే వచ్చాయట. దగ్గుతూ, వణుకుతూ ముందు సీట్లోకొచ్చి కూర్చుంది.

ఇంటికొచ్చాక, "అక్కకి మీరే చెప్పండి. నా వల్ల కాదు" అని గోడ వైపు తిరిగింది. తడిసిన మనిషిని తిట్టొచ్చు, తిట్టించుకోవచ్చు. అలా గోడ వైపు తిరిగిన మనిషిని ఏం చెయ్యాలో నాకు ఇన్నేళ్ళ కాపరంలో తెలియలేదు. సామాను కూడా దింపకుండా, ఫోనూ చెయ్యకుండా కూర్చున్నాను.

మర్నాడు పొద్దున్నే కొట్టుకెళ్ళాను. ముసురు పట్టి ఉంది. రేకులమ్మ నా మాట విని రివిట్లు అరచేతిలోకి ఊసేసింది.

"నా బకెట్లకి రాని నీళ్ళు వానకెలా వస్తాయి బాబాయ్? నువ్వు కథ చెప్తున్నావు."

"పిన్నిని అడుగు."

ఆ మాటకి ఆమె మొహం మారింది. చెయ్యి తుడుచుకుని, సంచీలో పానాలూ దారపుండా వేసుకుని, కొట్టు తలుపు కూడా వెయ్యకుండా నా వెంట వచ్చింది. మా ఆవిడ రానంటే రానంది. రేకులమ్మ గుమ్మంలో నిలబడి వీధంతా వినపడేలా అంది.

"పిన్నీ, నువ్వు ముందు కూర్చో. వెనక కూర్చుని తడిసేది నేను. నా పని నా మొహాన కొట్టిందో లేదో నువ్వు చూడొద్దా?"

అది చూడ్డానికే అనుకుంటా, మా ఆవిడ లేచింది.

రేకులమ్మ జల్లెడకి దారపు ముక్కలు కట్టి దాని కిందే కూర్చుంది. ఊళ్ళో వీధుల్లో మెల్లగా పోతున్నంతసేపూ దారాలు కిందకి వేలాడాయి. "చూశావా బాబాయ్? చుక్క లేదు!" అని వెనకనుంచి ఒకటే కేకలు. పెద్ద రోడ్డెక్కి వేగం అందుకున్నాను. దారాలన్నీ ఒక్కసారి లోపలికి ఎగిరాయి. వాటి వెనకే ఒక చెంబెడు నీళ్ళు ఆమె మొహాన ఛెళ్ళుమన్నాయి.

మా ఆవిడ అద్దంలోంచి వెనక్కి చూస్తోంది. నేనూ చూశాను. రేకులమ్మ కళ్ళు తుడుచుకోకుండా నోరు తెరుచుకుని ఆ డొప్పకేసే చూస్తోంది. తర్వాత నవ్వడం మొదలెట్టింది.

"ఓరి నాయనో! ఇల్లు కదులుతుందని నాకెవరూ చెప్పలేదే!"

అప్పటికి గానీ నాకూ అర్థం కాలేదు. బిగించిన రోజున మా బండి ఇంటిముందు పడమటికి వీపు పెట్టి, తూర్పుకి ముఖం చేసి నిలబడుంది. ఆమె జీవితమంతా చేసినట్టే డొప్పకి పడమటికి వీపు, తూర్పుకి నోరు పెట్టింది. అంటే బండి ముందువైపుకి. నిలబడ్డంతసేపూ అది ఇల్లే. పరిగెత్తితే మాత్రం ఎదురొచ్చే గాలినీ వాననూ కలిపి మింగి మా పరుపు మీద కక్కింది.

"పొగగొట్టాల దగ్గరికి గాలి తనే వస్తుంది. ఇదేమో గాలికి ఎదురెళ్ళి మరీ తెచ్చుకుంటోంది" అంటూ ఆమె నవ్వుతూనే ఉంది. మా ఆవిడకి కూడా నవ్వొచ్చింది. గోడ వైపు తిరిగిన తర్వాత అదే మొదటి నవ్వు.

దారిలో ఉన్న పెట్రోలు బంకు కప్పు కిందికి బండి తోలమంది. బంకువాళ్ళ నిచ్చెనెక్కి పైన కూర్చుంది. బంకు కుర్చీలో ఉన్నాయన లేచి వచ్చి, "అమ్మా, మీ బండికి పెట్రోలు పైనుంచి పోస్తారా?" అన్నాడు. ఆమె నోట్లో నట్లున్నాయి కాబట్టి బతికిపోయాడు. కిటికీ చదరం కావడం మా అదృష్టం. నాలుగు బోల్టులూ విప్పి, డొప్పని వెనక్కి తిప్పి, మళ్ళీ అవే రంధ్రాల్లో బిగించింది. రబ్బరు పట్టీ చుట్టూ వేలితో నొక్కుతూ వచ్చింది. కిందికి దిగి, నా పక్కన కిటికీ అద్దం వేలెడు సందు తెరిచింది.

"లోపలికి రావడానికి సందివ్వకపోతే బయటికేం పోతుంది బాబాయ్? ఇక పోనీ."

మళ్ళీ పెద్ద రోడ్డెక్కాం. వాన జోరుగానే ఉంది. వేగం అందుకోగానే దారాలు మెల్లగా పైకి లేచి జల్లెడకి అతుక్కుని వణకసాగాయి. బండి ముందుకు పోతున్నకొద్దీ డొప్ప వెనకనుంచి లోపలి ఉక్కని పీల్చి పారేస్తోంది. చుక్క నీళ్ళు లేవు. ఈల కూడా లేదు.

"పిన్నీ, రా" అంది రేకులమ్మ.

నేను ఆపగానే మా ఆవిడ వెనక్కెళ్ళింది. మొదట ఊరికే కూర్చుంది. కాసేపు దారాలకేసి చూసింది. తర్వాత పొడి దుప్పటి పరుచుకుని ఒత్తిగిలింది. నేను అద్దంలోంచి చూస్తూ నడుపుతున్నాను. రాత్రంతా కూర్చునే కునుకు తీసిన మనిషి. కప్పు మీద వాన టపటపా కొడుతుంటే, దాని కింద కాళ్ళు ముడుచుకుని నిద్రపోయింది. పిల్లికూత లేదు.

నేను బండి తిప్పడానికి పక్కకి తీయబోయాను. అప్పుడు జరిగింది చెప్తే మా వీధిలో ఎవరూ నమ్మరు. రేకులమ్మ ముందు సీటు మీదికి వంగి, నా చెవిలో గుసగుసలాడింది.

"ఆపకు బాబాయ్. ఆపితే లేస్తుంది."

స్టీరింగు నా చేతుల్లోంచి జారినంత పనైంది. ఆ గొంతుకి చిన్నగా మాట్లాడ్డం వచ్చని ఆమెకే తెలియదనుకుంటాను.

"మరి నీ కొట్టు?" అన్నాను నేనూ గుసగుసగానే.

"తెరిచే ఉంది."

"మరి?"

ఆమె రోడ్డుకేసి చూసింది. ఎదురుగా కొండలు మబ్బుల్లో సగం మునిగి ఉన్నాయి. తన ఊరి పొగగొట్టాలు తప్ప ఇంకేమీ చూడని కళ్ళు. "పోనీ" అంది.

బేకరీ ఓనరుకి ఫోను చేసి కొట్టు మూయమన్నాం. గుసగుసగా మాట్లాడితే ఆయనకి అది రేకులమ్మ అని ఎంత చెప్పినా నమ్మకం కలగలేదు. నేను సాక్ష్యం చెప్తే, "నీ సాక్ష్యమా!" అని ఇంకా అనుమానపడ్డాడు. బేకరీ పొగగొట్టం గురించి ఆమె ఒక్క తిట్టు తిట్టాక గానీ ఒప్పుకోలేదు. అది కూడా గుసగుసగానే తిట్టింది.

కొండ మీద వానలోనే ఆగి వంట చేసుకున్నాం. టీ కాగుతుంటే ఆవిరి వరసగా డొప్ప వైపు నడిచిపోవడం చూస్తూ ముగ్గురం కూర్చున్నాం. గోడలకి చెమట పట్టలేదు. మా ఆవిడ మొదటి టీ గ్లాసు రేకులమ్మ చేతికిచ్చి, తర్వాత నాకిచ్చింది. ఇన్నేళ్ళలో మొదటిసారి నేను రెండోవాణ్ణయ్యాను, దానికి నాకు కాస్త కూడా బాధ లేదు.

మర్నాడు మధ్యాహ్నానికి సముద్రం కనపడింది. రేకులమ్మ దాన్ని చాలాసేపు చూసి, "ఇంత నీళ్ళకి మూతేదీ లేదా?" అంది.

మా వదినగారు గుమ్మంలో ఎదురుచూస్తోంది. బండి చప్పుడు విని ముందుకొచ్చి, గాలిలో చెయ్యి చాపింది. మా ఆవిడ ఆ చెయ్యి తీసుకుని తన చెంపకి ఆనించుకుంది. ఆవిడ చెల్లెలి మొహాన్ని రెండు చేతులతో పట్టుకుని, కాస్త ఎడమకీ కాస్త కుడికీ తిప్పి, వెలుతురు మిగిలిన చోటికి తెచ్చుకుంది. అలాగే నిలబడి చూసింది. మేమిద్దరం పక్కకి తప్పుకున్నాం.

"లావయ్యావే" అంది వదినగారు చివరికి.

"నిద్రపట్టిందక్కా. దారంతా పడుకునే వచ్చాను."

"నువ్వా? పడుకునా?"

"పడుకునే."

వదినగారి కళ్ళనుంచి నీళ్ళు కారుతున్నా నవ్వుతూ నా వైపు తిరిగింది. "మరిదిగారూ, మీరు మొదటిసారి ఒక మంచి పని చేశారు."

"నేను కాదు వదినగారూ, ఆ అమ్మాయి" అని వెనక్కి చూపించాను. అక్కడ ఎవరూ లేరు.

తలెత్తి చూస్తే రేకులమ్మ ఇంటి కప్పు మీదుంది. ఎప్పుడెక్కిందో తెలియదు. వంటింటి పొగగొట్టం పక్కన గొంతుక్కూర్చుని, దాని డొప్పని అటూ ఇటూ ఊపి చూస్తోంది. సముద్రపు గాలికి ఆమె కొంగు జెండాలా ఎగురుతోంది. గొంతు మళ్ళీ పాత గొంతే. ఒడ్డున పడవలు కడుతున్నవాళ్ళు కూడా వెనక్కి తిరిగి చూశారు.

"అమ్మగారూ! మీ వంటింట్లో పొగ వెనక్కి కొడుతోందా?"

వదినగారు ఉలిక్కిపడింది. "అవునమ్మా! నీకెలా తెలుసు?"

"ఎవడో దీన్ని సముద్రానికి నోరు తెరిచి పెట్టాడు. తిప్పేస్తాను!" పానా బోల్టు మీద పెట్టిన చెయ్యి అంతలోనే ఆగిపోయింది. కప్పు అంచుకి జరిగి, కిందనున్న నాకేసి అనుమానంగా వంగి చూసింది.

"బాబాయ్, ముందు ఒక్క మాట చెప్పు. ఈ ఇల్లు ఎటూ కదలదు కదా?"